నమ్మేవాడి కళ్ళతో నియమగిరి తీర్పు

నియమగిరి పోరాటం గురించి మీ హాస్టల్ పిల్లలను అడిగి చూడండి. కంపెనీ ఓడిపోయింది, కొండ నిలబడింది, గ్రామసభ గెలిచింది అని చెప్తారు. నిజమే. నియమ్‌రాజా ఎవరు అని అడిగితే మాత్రం, ప్రకృతికి వాళ్ళు పెట్టుకున్న పేరు అంటారు. ఈ జవాబు పిల్లలు సొంతంగా కనిపెట్టింది కాదు, మనం రాసిపెట్టిన వాటిలోంచి వచ్చింది. డోంగ్రియా కోందుల పోరాటాన్ని మన అభ్యుదయ రచయితలు ఎంతో ప్రేమగా రాశారు. ఆ కొండ మీది దేవుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం తడబడింది. దేవుణ్ణి ప్రతీక చేశారు, పర్యావరణానికి మారుపేరు చేశారు, జల్ జంగల్ జమీన్ పక్కన ఒక అలంకారంగా నిలబెట్టారు. డోంగ్రియాలకు ఆయన రాజు, తాత ముత్తాత, నియమం పెట్టినవాడు. ఆయనకు కోడినిస్తారు, మేకనిస్తారు, తప్పు చేస్తే ఆయనకు భయపడతారు. ప్రతీకకు ఎవరూ భయపడరు.

నేను వేల్పును కొలిచే కోయ ఇంటివాణ్ణి. బళ్ళో పాఠం చెప్తాను, కొలుపుకు ఊరికి పోతాను. ఈ రెండింటి మధ్య నాకు ఎప్పుడూ తగాదా రాలేదు. అందుకే 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన నియమగిరి తీర్పును నమ్మేవాడిగా చదవాలనిపించింది. తీర్పు కూడా ఒక రచనే. దానికీ ఒక భాష ఉంటుంది, ఎవరిని చూస్తూ మాట్లాడుతుందో ఒక చూపు ఉంటుంది, చెప్పకుండా వదిలేసిన మాటలు ఉంటాయి. కథనూ కవితనూ విమర్శించే మనం తీర్పులను మాత్రం వార్తల్లో నాలుగు వాక్యాలు విని వదిలేస్తాం. మన బతుకును కథల కన్నా ఎక్కువ మార్చేవి అవే కదా.

ముందు సంగతి క్లుప్తంగా. ఒడిశాలో కలహండి, రాయగడ జిల్లాల మధ్య నియమగిరి కొండలు. కొండ కింద లంజిగఢ్‌లో వేదాంత గ్రూపు అల్యూమినా ఫ్యాక్టరీ. దానికి కావలసిన బాక్సైట్‌ను కొండ నెత్తి మీద తవ్వి ఇస్తామని ప్రభుత్వానికి చెందిన ఒరిస్సా మైనింగ్ కార్పొరేషన్ ఒప్పుకుంది. తవ్వడానికి కావలసిన అటవీ భూమి సుమారు 660 హెక్టార్లు. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు తవ్వమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అటవీ హక్కుల చట్టం కింద ఊళ్ళ హక్కులు ఏమిటో, నియమ్‌రాజాను కొలిచే హక్కుకు గని వల్ల దెబ్బ తగులుతుందో లేదో గ్రామసభలే కూర్చుని చెప్పాలంది. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడుగా ఉండాలంది. 2013 జూలై, ఆగస్టు నెలల్లో పన్నెండు ఊళ్ళలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనిని చివరిగా తిరస్కరించింది.

మన తెలుగు నేలకు తెలిసిన ఇంకో పెద్ద తీర్పు ఉంది, 1997 నాటి సమత తీర్పు. బొర్రా ప్రాంతంలో మైనింగ్ లీజుల మీద వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. ఆ తీర్పు మన భూమిని కాపాడింది, దానికి దణ్ణం పెట్టాల్సిందే. అయితే అందులో మనం భూమి ఉన్నవాళ్ళం, భూమి పోగొట్టుకునేవాళ్ళం. దేవుడున్నవాళ్ళం కాదు. నియమగిరి తీర్పులో ఆదివాసి మొదటిసారి ఒక భక్తుడిగా కోర్టు ముందు నిలబడ్డాడు. రాజ్యాంగం 25, 26 అధికరణాలు పెద్ద మఠాలకూ మసీదులకూ చర్చిలకూ ఎంత వర్తిస్తాయో కొండ మీద గుడి లేని దేవుడికీ అంతే వర్తిస్తాయని ఆ తీర్పు ఒప్పుకుంది.

ఇది ఎంత పెద్ద మాటో తెలియాలంటే అంతకుముందు కోర్టులు మతాన్ని ఎట్లా చదివేవో చూడాలి. 1954లో శిరూరు మఠం కేసు నుంచి ఒక పద్ధతి వచ్చింది. ఒక ఆచారానికి రక్షణ కావాలంటే అది ఆ మతానికి అత్యవసరమైన భాగమై ఉండాలి. ఏది అత్యవసరమో తేల్చడానికి జడ్జిలు పుస్తకాలు తిరగేస్తారు. శ్లోకమేదైనా ఉందా, గ్రంథంలో వాక్యమేదైనా ఉందా అని చూస్తారు. మరి పుస్తకం లేని మనకు? మన గ్రంథం డోలి వాయించే పెద్దమనిషి నోట్లో ఉంది, గోండుల గ్రంథం కిక్రీ వాయించే ప్రధాన్ నోట్లో ఉంది. పటం విప్పి, డోలి కొట్టి, రాత్రంతా పాడితే గానీ ఒక వేల్పు చరిత్ర పూర్తి కాదు. దీన్ని కోర్టు హాలుకు తెచ్చి సాక్ష్యంగా పెట్టడం ఎట్లా? నియమగిరి తీర్పు ఆ చిక్కును పక్కకు తోసింది. పుస్తకం అడగలేదు. కొలిచేవాళ్ళనే కూర్చోబెట్టి చెప్పమంది. ఆ తీర్పులో నాకు అన్నిటికంటే విలువగా తోచింది ఇదే. ఒక నమ్మకానికి అర్థం చెప్పే అధికారం నమ్మేవాళ్ళ చేతికి వచ్చింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. తీర్పు దేవుడికి ఒక చిరునామా వెతికింది. హుండల్‌జలి అనే కొండకొమ్మును పేరు పెట్టి చెప్పి, అక్కడి పూజకు దెబ్బ తగిలితే ఆ హక్కును కాపాడాలంది. రెవెన్యూ వాళ్ళకు సర్వే నంబరు ఎట్లాగో కోర్టుకు కొండకొమ్ము అట్లా. సభల్లో డోంగ్రియాలు దీన్ని ఒప్పుకోలేదు. మా రాజు ఈ రాయి మీద మాత్రమే లేడు, కొండంతా ఆయనే, వాగులూ చెట్లూ ఆయనవే అన్నారు. దేవుడికి నాలుగు ఎకరాలు కొలిచి ఇస్తే తీసుకునేవాళ్ళు కారు వాళ్ళు. రెండో లోపం ప్రభుత్వం చేసింది. కొండ చుట్టూ వంద దాటి ఊళ్ళు ఉంటే పన్నెండింటిని మాత్రం ఎంచి సభలు పెట్టింది. అన్ని ఊళ్ళనూ అడిగే ధైర్యం లేకపోయింది. ఆ పన్నెండే చాలు అని తేలింది, అది వేరే విషయం.

ఇక్కడితో ఆపేస్తే ఇది గెలుపు కథ. మన రాతలు చాలావరకు ఇక్కడే ఆపేశాయి. నాకు మాత్రం ఇక్కడినుంచే అసలు చిక్కు మొదలవుతుంది.

నియమగిరికి ఉత్తరాన కొంధమాల్ ఉంది. అదీ కోందుల నేలే, కుయి మాట్లాడే నేలే. 2008 ఆగస్టులో అక్కడ ఒక స్వామీజీ హత్య జరిగాక క్రైస్తవుల ఇళ్ళ మీద పడ్డారు. ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టారు, వేలమంది అడవుల్లో దాక్కున్నారు, నెలల తరబడి శిబిరాల్లో బతికారు. దెబ్బ తిన్నవాళ్ళలో పాణ దళితులు ఎక్కువ, క్రైస్తవులైన కోందులూ ఉన్నారు. అంటే ఒకే రాష్ట్రంలో, ఒకే జాతి జనం ఉన్న కొండల్లో, ఒకచోట దేవుడు కంపెనీ నుంచి దక్కాడు. ఇంకోచోట అయిదేళ్ళ ముందే అదే జాతి మనిషి, దేవుణ్ణి మార్చుకున్నందుకు ఇల్లు పోగొట్టుకున్నాడు. నియమగిరి మీద పుటలు పుటలు రాసిన మన పత్రికల్లో, సంకలనాల్లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిన వ్యాసం నాకు కనపడలేదు.

బస్తర్ మనకు ఇంకా దగ్గర, గోదావరి దాటితే చుట్టరికమే. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాల్లో చర్చికి పోయే ఆదివాసులను సొంత ఊళ్ళవాళ్ళే వెళ్ళగొట్టారు. చలికాలంలో పిల్లాపాపలతో స్టేడియంలో తలదాచుకున్నారు. కాంకేర్ జిల్లాలో కొన్ని ఊళ్ళ పొలిమేరల్లో పాస్టర్లు రావద్దని బోర్డులు వెలిశాయి. ఆ బోర్డుల మీద ఏముందో చూడండి. గ్రామసభ పేరు ఉంది, పెసా చట్టం పేరు ఉంది. 1996 నాటి ఆ చట్టం ఊరి సంప్రదాయాలనూ ఆచారాలనూ కాపాడే శక్తి గ్రామసభకు ఉందంటుంది. నియమగిరిలో కంపెనీకి అడ్డం నిలబడ్డ గ్రామసభే ఇక్కడ పక్కింటివాడికి అడ్డం నిలబడింది.

2025 జనవరిలో ఇంకో కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. బస్తర్ జిల్లాలో ఒక ఊళ్ళో ఒక పాస్టరు చనిపోయాడు. ఆ కుటుంబం ఆదివాసీ కాదు, మహరా కులస్థులు, కానీ ఊరు మన ఊళ్ళలాంటిదే. ఊరి శ్మశానంలో పూడ్చనివ్వలేదు. సొంత పొలంలో పూడ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. కొడుకు హైకోర్టుకు పోయి, అక్కడ కుదరక సుప్రీంకోర్టుకు పోయాడు. శవం ఇరవై రోజులు మార్చురీలో ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులూ రెండు రకాలుగా చెప్పారు. ఒకరు సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలన్నారు. ఇంకొకరు క్రైస్తవులకు కేటాయించిన చోటికే పోవాలన్నారు. శవం ఎదురుచూస్తోంది కనుక పెద్ద ధర్మాసనానికి పంపకుండా, ఇరవై కిలోమీటర్ల పైన ఉన్న వేరే ఊరి క్రైస్తవ శ్మశానంలో పూడ్చమని ఆదేశించారు.

ఈ రెండో తీర్పును మొదటి తీర్పు పక్కన పెట్టుకుని చదవండి. మొదటి దానిలో చచ్చినవాళ్ళూ బతికినవాళ్ళూ దేవుడూ ఒకే నేల మీద ఉండాలన్న మాటకు కోర్టు తలవంచింది. రెండో దానిలో అదే మాట కొడుకు చెప్తే చెల్లలేదు. తాతల పక్కన నాన్నను పడుకోబెట్టాలనుకోవడం ఏ దేశం నుంచో తెచ్చుకున్న కోరిక కాదు. మన కోరికే.

చిక్కు ఎక్కడుందో 25, 26 అధికరణాలను మెల్లగా చదివితే తెలుస్తుంది. 26 ఒక సముదాయానికి హక్కు ఇస్తుంది, తన మత వ్యవహారాలు తాను చూసుకోవచ్చంటుంది. 25 వ్యక్తుల గురించి మాట్లాడుతుంది. అందరు వ్యక్తులకూ సమానంగా అంతరాత్మ స్వేచ్ఛ ఉందంటుంది. ప్రజా శాంతి, నీతి, ఆరోగ్యం ఈ మూడూ దానికి హద్దులు. నియమగిరి తీర్పు ఈ రెండు అధికరణాలనూ ఒకే ఊపిరిలో చెప్పింది. అక్కడ అది సరిపోయింది, ఎందుకంటే ఊరంతా ఒకటే మాట మీద ఉంది. ఊళ్ళో ఒకడి మాట వేరైతే ఏం చేయాలో ఆ తీర్పు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆ ఖాళీలోకి బోర్డులు వచ్చాయి. మన పెద్దమనుషులూ సంఘాల నాయకులూ 26ను గట్టిగా పట్టుకుని 25ను వదిలేస్తున్నారు. నా వేల్పును కొలవడానికి నాకు 25 కావాలి. అదే 25 చర్చికి పోయేవాడికీ దారి ఇస్తుంది. ఒకరికి తెరిచి ఇంకొకరికి మూసే తలుపు కాదది. అతని దగ్గర దాన్ని లాక్కునే పద్ధతి నేనే నేర్పిస్తే, రేపు నా దగ్గర లాక్కోవడానికి ఎవరో కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

నేనిట్లా అంటే మనవాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. రెండూ న్యాయమైనవే. పాస్టర్లు మన వేల్పులను దయ్యాలంటున్నారు కదా, మందులూ చదువులూ చూపి లాగుతున్నారు కదా అని మొదటిది. నిజంగానే కొందరు అంటున్నారు. పటాలను తీసేయమన్నవాళ్ళు, డోలి పాట పాపమన్నవాళ్ళు, కొలుపు నాడు చుట్టాల ఇంటి గడప తొక్కొద్దన్నవాళ్ళు ఉన్నారు. ఇది మతస్వేచ్ఛ వాడకం కాదు, తెలివితక్కువతనం, అహంకారం. ఒక జాతి జ్ఞాపకాన్ని దయ్యం అనే మనిషి దైవం గురించి ఏం నేర్చుకున్నాడో నాకు అర్థం కాదు. ఆ మాట వాళ్ళ మొహం మీద చెప్పాలి. ఇంకోవైపు నుంచి వచ్చేవాళ్ళనూ అంతే సూటిగా అడగాలి. వాళ్ళు మన వేల్పును దయ్యమనరు, ఫలానా దేవుడి అవతారమంటారు. మనను ఆదివాసి అనరు, వనవాసి అంటారు. మేడారం గద్దెల మీద విగ్రహం లేదు, కుంకుమభరిణె రూపంలో చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, కోయ వడ్డెలు తెస్తారు. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజులు కొండాయి నుంచి నడిచి వస్తారు. ఈ నడక, ఈ రాక, ఇదే ఆ పూజ. దాన్ని గుడీ గోపురం కథగా మార్చి చెప్పేవాళ్ళు మన నమ్మకాన్ని మెచ్చుకుంటూనే మింగేస్తున్నారు. ఒకరు పొమ్మంటారు, ఒకరు కలుపుకుంటామంటారు. మాట వేరైనా మన వేల్పును మన మాటల్లో వినే ఓపిక ఇద్దరికీ లేదు.

అయితే దీనికి మందు చట్టమేనా? 1967లో ఒడిశా, 1968లో మధ్యప్రదేశ్ మతమార్పిడుల మీద చట్టాలు చేశాయి. వాటి పేర్లు చూడండి, ఒకటి మత స్వేచ్ఛ చట్టం, ఇంకొకటి ధర్మ స్వాతంత్ర్య చట్టం. లోపల ఉన్నది బలవంతం, ప్రలోభం, మోసం మీద శిక్షలు. బలవంతానికి శిక్ష ఉండాలి, దాంట్లో పేచీ లేదు. ప్రలోభం అనే మాటే జారుడు బండ. జ్వరం వచ్చిన పిల్లకు మందివ్వడం ఎక్కడ దయ, ఎక్కడ ప్రలోభం? 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాలు చెల్లుతాయంది. మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదంది. తీర్పంతా మార్చేవాడి గురించే. మారేవాడు అందులో ఒక వస్తువు. వాడికీ బుర్ర ఉంటుందని, వాడు ఆలోచించే ఒక దేవుణ్ణి వదిలి ఇంకో దేవుణ్ణి పట్టుకుని ఉంటాడని ఆ రచనకు తోచినట్టు లేదు. ఆదివాసి ఎప్పుడూ ఎవరో ఒకరు మోసం చేస్తే మోసపోయేవాడే అన్న పాత చూపు అక్కడ ఉంది. మన శత్రువులే కాదు, మన మీద జాలి పడేవాళ్ళూ ఇట్లాగే చూస్తారు.

అరుణాచల్ ప్రదేశ్ 1978లో చేసిన చట్టం మనకు ఇంకా పనికొచ్చే పాఠం. మన దేశంలో మనలాంటి నమ్మకాన్ని పేరు పెట్టి పిలిచిన చట్టాల్లో అదొకటి. దోన్యి-పోలో, అంటే సూర్యచంద్రుల కొలుపు, అందులో ఉంది. పేరు పెట్టింది దేనికంటే దాన్నుంచి బయటికి పోకుండా చూడడానికి. చట్టం దశాబ్దాలుగా కాగితం మీద ఉన్నా 2011 లెక్కల నాటికి ఆ రాష్ట్రంలో క్రైస్తవుల సంఖ్యే అన్నిటికంటే ఎక్కువ. దోన్యి-పోలోను నిలబెట్టింది ఆ చట్టం కాదు, ఆది తెగకు చెందిన తాలోమ్ రుక్బో లాంటివాళ్ళు. ఆయనా ఆయన తోటివాళ్ళూ 1980లలో పాతపాటలు పోగుచేశారు, ప్రార్థనలు సొంత భాషలో కూర్చారు, గంగింగ్ అనే ప్రార్థనా మందిరాలు కట్టారు. దాంట్లో కూడా ఒక చిక్కు ఉంది, వారం వారం మందిరానికి పోయే ఈ పద్ధతి చర్చిని చూసి నేర్చుకున్నదే కదా అని కొందరంటారు. అనొచ్చు. కెస్లాపూర్ నాగోబాకు మెస్రం వంశస్థులు 2022లో రాతిగుడి కట్టుకున్నప్పుడూ ఇట్లాంటి మాటలే వినిపించాయి. కట్టుకున్నది వాళ్ళు, ఆ దేవుడు వాళ్ళ దేవుడు, హస్తినమడుగు దాకా నడిచి గోదావరి నీళ్ళు తెచ్చేదీ, కొత్త కోడళ్ళను భేటింగ్‌లో దేవుడికి చూపేదీ వాళ్ళే. మార్చుకునే హక్కు కూడా నమ్మేవాళ్ళదే. బయట కూర్చుని, మీరు పాతకాలంలోనే ఉంటే మాకు అందంగా ఉంటారు అనే పరిశోధకుడికి ఆ హక్కు లేదు.

రెండో ప్రశ్న రిజర్వేషన్ గురించి. మతం మారినవాళ్ళను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలన్న డిమాండు కొత్తది కాదు. 1960ల చివర్లో కార్తీక్ ఉరావ్ పార్లమెంటులో లేవనెత్తారు. ఆయన మన మనిషే, పెద్ద చదువు చదివిన ఆదివాసి నాయకుడు. ఆయన బాధలో నిజం ఉంది. మిషను బడి దగ్గరున్న ఊళ్ళు ముందుకుపోయి, లేని ఊళ్ళు వెనకబడ్డాయి. కానీ దానికి కారణం బడి, శిలువ కాదు. బడి లేని ఊరికి బడి అడగడం మానేసి బడికి పోయినవాడి సర్టిఫికెట్ అడగడం ఏం న్యాయం? 1950 నాటి ఎస్సీ ఉత్తర్వులో మతం షరతు ఉంది, ఎస్టీ ఉత్తర్వులో లేదు. మతం మారడం ఒక్కదానితోనే తెగ సభ్యత్వం పోదని 2004లో కేరళ నుంచి వచ్చిన చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ మనిషి తెగ ఆచారాలతో, తెగ కష్టాలతో ఉన్నాడా లేదా అన్నదే చూడాలంది. ఇంకో సంగతి. రాజ్యాంగ సభలో మన తరఫున నిలబడి, మీరు మాకు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదని పెద్దలకు చెప్పినవాడు జైపాల్ సింగ్ ముండా. 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టు కెప్టెన్. ఆయన బాప్తిస్మం తీసుకున్న ముండా. డీలిస్టింగ్ అప్పుడే ఉండి ఉంటే మన తొలి గొంతునే జాబితా నుంచి కొట్టేసేవాళ్ళం.

మా మేనత్త కొడుకు పదేళ్ళ కిందట చర్చికి పోవడం మొదలుపెట్టాడు. ఒక ఏడు వేల్పు కొలుపుకు చందా వేసేటప్పుడు అతని ఇంటిని లెక్కలో పెట్టాలా వద్దా అని పెద్దలు సగం రాత్రి మాట్లాడుకున్నారు. అతను వచ్చి చెప్పిన మాట ఇది: “మామా, వేల్పు ముందు నేను మొక్కను, కోసింది తినను. వంటకు కట్టెలు తెస్తా, బియ్యం ఇస్తా. మా అమ్మ మీ ఆడబిడ్డ, ఆమె పొయ్యి లెక్కలోంచి తీసేయొద్దు.” వడ్డె కొంచెంసేపు ఊరుకుని, పొయ్యి లెక్కలో ఉంటది, మొక్కేది వాడిష్టం అన్నాడు. అక్కడ ఎవరూ రాజ్యాంగం చదవలేదు. అయినా 25నూ 26నూ ఎట్లా కలిపి చదవాలో మా వడ్డె రెండు ముక్కల్లో చెప్పాడని నాకనిపిస్తుంది. కొలుపు ఎట్లా చేయాలో చెప్పేది వేల్పు గట్టువాళ్ళు, బయటివాళ్ళు కాదు. మొక్కాలో వద్దో చెప్పేది ఆ మనిషి. ఊళ్ళో పొయ్యి, నీళ్ళు, కాటి నేల మాత్రం మొక్కుతో ముడిపడవు. ఇది అన్ని ఊళ్ళలో జరుగుతోందని నేననను. జరగని ఊళ్ళు నాకు తెలుసు.

మన రచయితల సంగతి మళ్ళీ. నియమ్‌రాజాను ప్రతీక చేసినవాళ్ళకూ, పొలిమేరలో బోర్డు పెట్టినవాళ్ళకూ మధ్య చుట్టరికం ఉందంటే కోపం రావచ్చు. కానీ చూడండి. ఇద్దరూ నమ్మకాన్ని ఒక మనిషికి సంబంధించిన సంగతిగా చూడరు. ఒకరికి అది ఉద్యమానికి జెండా, ఇంకొకరికి జాతికి కంచె. జెండాకూ కంచెకూ లోపల ఏం జరుగుతుందో అక్కర్లేదు. జోడేఘాట్‌లో ఆశ్వయుజ పౌర్ణమి నాడు కొమురం భీముకు గోండులు వర్ధంతి చేస్తారు. మన కవితల్లో ఆ రోజు సభ ఉంటుంది, ఉపన్యాసం ఉంటుంది. తిథి చూసి పూజ ఎందుకు చేస్తారని అడిగిన కవిత అరుదు. వీరుడు పెద్దల్లో కలిసి పెన్ అవుతాడన్న నమ్మకాన్ని రాయాలంటే మనకు సిగ్గేస్తుంది, మూఢనమ్మకం అంటారేమోనని భయం. బాణామతి పేరుతో మనుషులను కొట్టే మూఢత్వాన్ని తిట్టాల్సిందే, ఉపాధ్యాయులం మనమే ముందు తిట్టాలి. దాన్ని తిట్టేవాడికి, పెద్దలను తలచుకునే పూజకూ దానికీ తేడా చూసే కళ్ళు కూడా ఉండాలి.

ఇక అందరికంటే పెద్ద రచన ఒకటి రాబోతోంది, 2027 జనగణన. దాని రచయితలు చాలావరకు మనమే, బడిపంతుళ్ళం. బ్రిటిష్ కాలంలో 1901లో, 1911లో మన నమ్మకానికి ఆనిమిస్టు అని పేరు పెట్టారు, 1931లో ట్రైబల్ రిలిజియన్ అన్నారు. పేరు మనది కాదు గానీ గడి అయినా ఉండేది. 1951 నుంచి అదీ లేదు. ఆరు మతాలకు కోడ్ ఉంది, మిగతాది పేరు రాయాలి, లెక్క తేలేటప్పుడు అది ఇతరులు అనే మూటలో పడుతుంది. 2011లో ఆ మూటలో 79 లక్షల మంది ఉన్నారు. అందులో సర్నా అని రాయించుకున్నవాళ్ళు 49 లక్షలకు పైన, గోండు అని రాయించుకున్నవాళ్ళు 10 లక్షలకు పైన. దేశంలో మొత్తం ఆదివాసులం 10 కోట్ల 40 లక్షలు దాటాం. మిగతా కోట్లమందిలో ఎందరు తమ మతం తామే చెప్పారో, ఎందరికి లెక్కకు వచ్చినాయనే అడక్కుండా కోడ్ 1 రాశాడో ఆ అంకెలను చూస్తే తెలియదు. సర్నాకు వేరే కోడ్ కావాలని జార్ఖండ్ అసెంబ్లీ 2020 నవంబరులో తీర్మానం చేసింది. మన రెండు రాష్ట్రాల్లో మనం ఏ పేరు చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. కోయ పునెం అనేవాళ్ళున్నారు, గోండి ధర్మం అనేవాళ్ళున్నారు, మా ఊళ్ళో ముసలివాళ్ళను అడిగితే వేల్పులు అంటారు, మతమా అదేంటి అంటారు. సవరలు, జాతాపులు, కొండరెడ్లు, చెంచులు ఏమంటారో వాళ్ళనే అడగాలి. పేరు విషయంలో మనలో మనం కొట్లాడుకుందాం, తప్పులేదు. కలిసి కూర్చుని తొందరగా కొట్లాడుకుందాం.

లెక్కకు పోయే పంతుళ్ళకు ఒక్క మాట. మతం గడి దగ్గర పేరును చూసి, బొట్టును చూసి, గోడ మీది పటాన్ని చూసి రాయకూడదు. ఇంటివాళ్ళు ఏం చెప్తే అదే రాయాలి, 2011 సూచనల్లోనూ ఉన్నది ఇదే. నన్ను మా ఊరికే వేస్తే మా ఇంటి కాగితంలో ఏ పేరు రాయాలో మా వడ్డెను అడిగి రాస్తాను. మేనత్త కొడుకు ఇంటి కాగితంలో అతను చెప్పినట్టే క్రైస్తవమని రాస్తాను. తెగ గడిలో రెండు కాగితాల మీదా కోయ అనే రాస్తాను.